గుట్ట రాయి మీద తొమ్మిది పేర్లు

నవంబరు 18, సోమవారం

కొత్త రాయి దిగింది. బూడిద రంగు గ్రానైటు, ఆరడుగుల ఎత్తు. నార్వే దేశానికి పోతాదంట. సమాధి రాయి అనుకున్యా. కాదు, ఒక గుట్ట చరిత్ర అంట. గుట్టకు కూడా రాయి పెట్టించేవాళ్ళు ఉండారు చూడు.

వెంకటేశ్వర్లన్న కాగితం నా చేతికిచ్చి, "రూబేనూ, మిషన్‌తో వద్దంట. చేత్తోనే చెక్కాలంట. నీకు గాక ఇంకెవరికిస్తా" అన్నాడు. ఆ మాటకు పొద్దంతా ఒళ్ళు తేలిగ్గా ఉండె. ఆయప్ప షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా అక్షరాలు చెక్కుతాండా. ఆళ్ళగడ్డలో దేవుళ్ళను చెక్కేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, అక్షరం చెక్కేవాడు దొరకడు. ఆ అక్షరమూ ఇప్పుడు మిషన్ పాలాయె. చేత్తో చెక్కమని అడిగినోళ్ళు లేక ఏడాది దాటింది.

కాగితం మీద భాష నాకు రాదు. రానక్కరలేదు. ఆకారం చూసి దించుకుంటా. ఇంగ్లీషు O మాదిరి ఉన్నదానికి అడ్డంగా గీత, A మాదిరి ఉన్నదాని నెత్తిన సున్న. ఆ సున్న దగ్గర ఉలి జారకుండా చూసుకోవాల.

పొద్దున మంచు ఎక్కువగా ఉండె. కొంచెం దగ్గు.

నవంబరు 23, శనివారం

మా పాప జెస్సికా నంద్యాల హాస్టలు నుంచి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. నా కాగితాన్ని ఫోన్లో పెట్టి తెలుగు చేసి చదివింది. నేనూ, నా పెండ్లాము సలోమీ, అమ్మా చాప మీద కూర్చొని విన్యాము.

గుట్ట పేరు స్కార్వ్‌బక్కెన్. బక్కెన్ అంటేనే గుట్టంట. కాళ్ళకు పొడుగాటి చెక్కబద్దలు కట్టుకొని, మంచు మీద పై నుంచి జారుకుంటా వచ్చి దూకేదానికి కట్టిన గుట్ట. 1919లో ఊరోళ్ళు ఆదివారాలు కూలీ లేకుండా కట్టినారు. 1926లో దాని నెత్తిన కట్టెల గోపురం లేపినారు. 1938లో గాలికి గోపురం కూలె. యుద్ధంలో జర్మనీ సిపాయిలు వచ్చి మిగిలిన కట్టెలు పొయ్యిలో పెట్టుకున్యారు. 1947లో మళ్ళీ కట్టిరి. 1961లో ఒకడు డెబ్బై ఒకటిన్నర మీటర్లు దూకె, ఆ గుట్ట మీద అంతకు మించి ఎవరూ దూకలే. 1988లో ఆఖరి పందెం. 2021లో కట్టెలు కుళ్ళిపోయినాయని పీకేసిరి. ఇప్పుడు ఆడ గడ్డి తప్ప ఏమీ లేదు. అందుకే రాయి.

"డెబ్బై మీటర్లంటే ఎంత పాపా?" అని అడిగినా.

"మన గడప నుంచి చర్చి గేటు దాకా నాయనా."

నమ్మలే. అప్పుడు వేరే గుట్ట వీడియో ఒకటి చూపించింది. ఒకడు గోపురం నెత్తిన అడ్డకమ్మీ మీద కూర్చొని ఉండాడు. కింద మనుషులు చీమల మాదిరి. చేతులు వదిలినాడు. జారి జారి కొసకు వచ్చినోడు కింద పడాల గదా. పడలే. ముందుకు వంగి, ముక్కు ఆ బద్దలకు తగిలేటట్టు గాలి మీద పండుకున్యాడు. సలోమి కొంగు నోట్లో పెట్టుకొనింది. అమ్మ "వాని కన్నతల్లి యాడుందో" అనింది. వాడు నేల మీద దిగి చేతులు చాచేదాకా నేను గాలి పీల్చలే.

నాలుగుసార్లు చూసినా.

నవంబరు 29

పని బాగా పోతాంది. దగ్గు తగ్గింది.

డిసెంబరు 1, ఆదివారం

తమ్ముడు యోబు పోయి ఈ పొద్దుకు రెండేళ్ళు. గుడిలో ప్రార్థన అయినాక అమ్మను సమాధుల దొడ్డికి పిలుచుకొని పోయినా. వాడు నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. వాని రాయి నేనే చెక్కినా. టీబీ ఎవరి చేతిలో ఉంటాది.

అమ్మ రాయికి చెయ్యి ఆనించి, "అది ఈ పొద్దన్నా వచ్చిందా చూడు" అనింది. అది అంటే దీవెన, యోబు పెండ్లాము. వెలుగోడులో పుట్టింట్లో ఉండాది. తనిష్టంతోనే పాయ.

ఈ సంగతి ఇంక రాయను.

డిసెంబరు 6, శుక్రవారం

చరిత్ర అయిపాయ. ఇప్పుడు అడుగున తొమ్మిది పేర్లు. ఒక్కొక్క పేరు పక్కన పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం.

చెక్కేముందు లెక్క చూసుకోవడం నాకు అలవాటు. మొదటివాడు నలబై ఒకటి. రెండోవాడు నలబై రెండు. ముప్పై తొమ్మిది. నలబై. ముప్పై ఏడు. తొమ్మిదిమందిలో నలబై అయిదు చూసినోడు ఒక్కడు లేడు. ఈ దూకుడే చంపింది వాళ్ళను, ఇంకేముంటాది. లాల్ సాహెబన్నకు చెప్పినా. ఆయన నా పక్క షెడ్డులో మిషన్‌తో రాళ్ళు కోస్తాడు, అరవై దగ్గరికొచ్చినాడు. "ఆటకోసరం పానం తీసుకుంటారా అప్పా? బువ్వకోసరం అంటే సరే" అన్నాడు. అని, నీళ్ళ తొట్టి గోడకు ఆనుకొని చాలాసేపు నిలబడినాడు. ఈ మధ్య పది అడుగులేస్తే నిలబడతాడు. వయసు గదా.

సలోమి నంద్యాలకు పోయి దగ్గు చూపించుకోమని మళ్ళీ మొదలుపెట్టింది. సరే అన్యా. పోయేది లేదు.

డిసెంబరు 10, మంగళవారం

ఆరో పేరు, ఏడో పేరు, రెండింటికీ ఇంటిపేరు ఒకటే. ఒకడు 1892లో పుట్టి 1929లో పాయ. ఇంకొకడు 1895లో పుట్టి 1927లో పాయ. ముప్పై రెండేళ్ళు. అన్నదమ్ములేమో. రెండేళ్ళ తేడాలో ఇద్దరూ గుట్ట మీద నుంచి పడి చచ్చినారంటే నాకు నమ్మబుద్ధి కాలే. టైపు చేసేటప్పుడు అంకె తప్పు పడిందేమో. కాగితం మీద తప్పయితే కొట్టేయొచ్చు. రాయి మీద తప్పయితే రాయిని పారేయాల.

జెస్సికాకు ఫోన్ చేసి, ఆ గుట్ట వాళ్ళకు మెయిలు రాయమన్యా. కాగితం కింద అడ్రసు ఉండాది. సిగ్రున్ అని ఒకామె. "ముప్పై రెండు నిజమేనా అని అడుగు. చెక్కేవాడు అడుగుతాండాడని రాయి" అని చెప్పినా.

డిసెంబరు 14, శనివారం

జవాబు వచ్చింది. జెస్సికా చదివినదాన్ని గుర్తున్నంత వరకు రాస్తా.

"మీరు అడిగినందుకు సంతోషం. ఇన్నాళ్ళలో ఎవరూ ఆ తేదీలు చూసి అడగలేదు. అంకెలు తప్పు కాదు. వాళ్ళు అన్నదమ్ములు. ముప్పై రెండేళ్ళకు పోయినవాడు మా తాత. ఈ తొమ్మిదిమందీ ఆ గుట్టను మొదట కట్టినవాళ్ళు. గుట్ట ఎవరినీ చంపలేదు. అరవై తొమ్మిదేళ్ళలో కాళ్ళు విరిగినాయి, భుజాలు విరిగినాయి, ప్రాణం ఒక్కటి కూడా పోలేదు. వీళ్ళు రాతి పనివాళ్ళు. మా ఊరి గనిలో రోడ్లకు పరిచే రాళ్ళు కొట్టేవాళ్ళు. ఆదివారం ఒక్క పొద్దే వాళ్ళకు మంచి గాలి దొరికేది, అందుకే ఆదివారాలు గుట్ట మీద గడిపేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. వాళ్ళకు దగ్గు వచ్చింది. టీబీ అన్నారు. కొండ మీద టీబీ ఆసుపత్రిలో పెట్టినారు. ఒక్కరికీ తగ్గలేదు. కానీ వాళ్ళ పెళ్ళాలకు, పిల్లలకు ఎవరికీ ఆ రోగం అంటలేదు. అప్పుడు ఒక డాక్టరుకు అనుమానం వచ్చి చూస్తే, అది టీబీ కాదు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము."

ఆడ జెస్సికా ఆగింది. నా తట్టు చూడలే.

"ఇంకా ఉందా?" అన్యా.

"ఉంది నాయనా." మెల్లగా చదివింది. "మీ షెడ్డులో నీళ్ళు పోసి కోస్తారా? ముఖానికి మాస్కులు ఇస్తారా? కంపెనీని అడిగితే ఇస్తామని రాసినారు. చెక్కే మనిషి నోటితో వినాలని ఉంది."

సలోమి లేచి వంటింట్లోకి పాయ. అక్కడ చప్పుడేమీ లేదు. పొయ్యి వెలిగించలే, గిన్నె కదిలించలే. ఊరికే నిలబడి ఉండాది. అమ్మ బయట అరుగు మీద బియ్యం ఏరుకుంటా ఉండె, అమ్మకు వినపడలే.

యోబుకు రెండుసార్లు టీబీ మందులు మింగించినాము, ఆరు నెలలు ఒకసారి, ఎనిమిది నెలలు ఒకసారి. ఆ మందులకు వాని మూత్రం ఎర్రగా వచ్చేది. గల్ల పరీక్షలో ఒక్కసారి కూడా ఏమీ రాలే. రాకపోయినా ఇదే అయ్యుంటాదని ఒక డాక్టరు అన్నాడు, మేమూ అదే అనుకుంటిమి.

దీవెన ఎనిమిదేళ్ళు వాని పక్కన పండుకొనింది. ఆ పిల్ల ఒక్కనాడు దగ్గలే.

డిసెంబరు 15, ఆదివారం

గుడికి పోలే.

డిసెంబరు 16, సోమవారం

వెంకటేశ్వర్లన్న పిలిచినాడు. మెయిలు ఆయప్పకు కూడా పోయిందంట. చెడ్డవాడు కాదు. యోబు మందులకు అప్పుడు అడక్కుండానే ఇచ్చినాడు. టీ తెప్పించి నా చేతికిచ్చి, "ఒక్క మాట గదా రూబేనూ. ఇస్తారని రాయించు. ఈ రాయి నచ్చితే ఇంకా పన్నెండు రాళ్ళు ఇస్తామంటాండారు. ఎంతమంది బతుకుతారో నువ్వే చూడు" అన్నాడు.

"అన్నా, మనకు మాస్కులు లేవు గదా."

"గుడ్డ కట్టుకుంటారు గదప్పా."

నిజమే. కట్టుకుంటాము. అదీ మాస్కే. జెస్సికాకు ఫోన్ చేసి ఇస్తారని రాయమన్యా. "నువ్వే చెప్తాండావా నాయనా?" అనింది. అవునన్యా. రాసింది.

ఒక్క మాటే గదా.

డిసెంబరు 19, గురువారం

అయిదో పేరు. ఉలి దించినప్పుడల్లా అక్షరంలో దుమ్ము నిలుస్తాది. నోటితో ఊదుతా. ఇరవై ఆరేళ్ళుగా అట్లనే చేస్తాండా. ఊదినాక గాలి పీల్చుకోవాల గదా. అదే గాలి. ఈ పొద్దు ఊదబోయి ఆగినా. ఆమీద తడిగుడ్డతో అద్దినా. పని నిదానమాయె.

యోబు నంద్యాలలో ఆటో తోలేటోడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర నిలబడి కూతలేసి ఎక్కించుకునేటోడు, వాని గొంతుకు ఆ పక్క వీధి పలికేది. పందొమ్మిదేళ్ళు. అమ్మ వానికి చదువు అబ్బలేదని ఏడిస్తే నేనే పోయి పిలుచుకొని వచ్చినా. అక్షరం చెక్కేదానికి వానికి ఓపిక లేదు. కటింగు మిషన్ మీద కూలి ఎక్కువని నేనే వెంకటేశ్వర్లన్నను అడిగి ఇప్పించినా. మంచి పని చేసినా అని అందరికీ చెప్పుకున్యా. నా పెద్దరికం చూడండని.

మిషన్ దగ్గర పదిహేడేళ్ళు. నీళ్ళు పెడితే రాయి మీద గీత కనపడదు, పని ఆలస్యమని పొడిగానే కోసేటోడు. వెనక్కి తిరిగితే వెంట్రుకలు, రెప్పలు తెల్లగా ఉండేవి. "నా తమ్ముడు ముసిలోడైపాయ" అని నవ్వేటోన్ని.

డిసెంబరు 20, శుక్రవారం

దీవెన తనిష్టంతో పోలే.

నేను ఈ పుస్తకంలో అబద్ధం రాసినా. ఎవరు చదువుతారని రాసినానో నాకు తెలీదు.

దీవెన నాయన టీబీతో పోయినాడు, ఆ పిల్లకు పదేళ్ళప్పుడు. యోబును పూడ్చిన నెలకు ప్రభు భోజనం రోజు, గుడిలో ఒకే గిన్నెలోని ద్రాక్షరసం తాగేదానికి అందరూ వరుసలో ఉండగా అమ్మ బయటకు వినపడేటట్టు అనింది. "మీ ఇంటి రోగం తెచ్చి నా కొడుకుకు అంటించినావు. ఆ గిన్నె ముట్టొద్దు." దీవెన అప్పటికే తాగింది. ఆమె వెనకాల ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వరుసలోంచి లేచిపోయిరి. నేనూ లేచినా. పాస్టరయ్య గిన్నె పట్టుకొని అట్లే నిలబడినాడు.

ఆ మరుసటి పొద్దు ఆ పిల్ల ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని బస్టాండు దాకా మోసింది నేను. బస్సెక్కించి, టికెట్టు కొనిచ్చినా. అంతా మర్యాదగా చేసినా అనుకున్యా.

డిసెంబరు 25

క్రిస్మస్. పాటలు పాడలే. ఊపిరి అందలే. గొంతు బాగలేదని చెప్పినా.

డిసెంబరు 27, శుక్రవారం

వెలుగోడుకు పోయినా. ఇంట్లో చెప్పలే.

దీవెన డ్యాము గేటు దగ్గర రోడ్డు పక్కన చేపలమ్ముతాండాది. పక్కన ఇంకా నలుగురైదుగురు ఆడోళ్ళు, ఎవరి తట్ట వాళ్ళది. నన్ను చూసి కత్తిపీట మీద చెయ్యి ఆపింది. మళ్ళీ చేప కోసింది.

"ఏంది బావా, ఈడికొచ్చినావ్?"

"నీతో మాట్లాడాల."

"మాట్లాడు. వింటాండా."

అందరూ ఉండారు. పక్కకు రమ్మన్యా. చేతులు కడుక్కొని వేపచెట్టు కిందికి వచ్చింది. చెప్పినా. గుట్ట సంగతి, తొమ్మిది పేర్ల సంగతి, ఆ ఆడమనిషి రాసిన సంగతి. యోబుది టీబీ కాదని, దుమ్మని, నీది ఏ తప్పూ లేదని. ఆ పిల్ల ఏడుస్తాదేమో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటాదేమో అనుకుంటా పోయినా.

ఏడవలే.

"నేను చెప్పలేదా బావా?" అనింది. "ఆయప్ప చొక్కా ఉతికితే బకెట్టు అడుగున బూడిద మాదిరి దిగేది. దిండుగుడ్డ దులిపితే దుమ్ము. ఇది మా నాయన రోగం కాదు, నేను ఆ రోగం చూసినా, ఇది దుమ్ము, ఆ పని మాన్పించు అని నీ ముందర కూర్చొని చెప్పలేదా?"

చెప్పింది. మా ఇంట్లోనే, అరుగు మీద. నాకు బాగా గుర్తుంది. దీన్ని ఇంతవరకూ ఈడ రాయలే. "ఆ పని మానితే ఏం తింటారు?" అని నేనన్యా.

"ఏడేడు సముద్రాల అవతల ఒకామె, ముక్కూమొగం తెలియనామె చెబితే నమ్మినావ్. ఆయప్ప చొక్కా ఉతికినదాన్ని నేను చెబితే నమ్మలే."

దగ్గొచ్చింది. ఆగలే.

"ఎన్నాళ్ళ నుంచి?" అనింది.

"చలికి."

"ఆయప్ప కూడా అదే అనేటోడు."

నన్ను ఇంటికి పిలుచుకొని పాయ. ఆ ట్రంకు పెట్టె. చీరల కింద నుంచి ఒక పెద్ద కవరు తీసింది. యోబు ఎక్స్‌రే ఫిల్ము. "పారేయమన్యారు అందరూ. ఎవరో ఒకరు ఎప్పుడో సరిగ్గా చూస్తారని పెట్టుకున్యా. తీసుకొనిపో. నీదీ తీయించుకో."

లేచి గడప దాటబోతాంటే అనింది. "బావా, మీ అమ్మ నన్ను గుడిలో అందరి ముందర అనింది. నువ్వు చెట్టు కింద నా చెవిలో చెప్తాండావు."

డిసెంబరు 30, సోమవారం

నంద్యాల. సలోమి, జెస్సికా నాతో వచ్చినారు. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ, చిన్న వయసు. చీటీ మీద పేరు రాసుకుంటా, "ఏం పని?" అనింది.

"రాతి పని."

పెన్ను ఆగింది. "ఎన్నేళ్ళు?"

"ఇరవై ఆరు."

నా ఫిల్ము తీసినాక యోబుది కూడా ఇచ్చినా. గోడకున్న దీపం పెట్టె మీద రెండూ పక్కపక్కన పెట్టింది. నల్లటి దాని మీద తెల్లటి చుక్కలు, పైనంతా, మంచు పడినట్టు. కాసేపు ఏది ఎవరిదో నాకు తెలియలే. మా ఇద్దరి పక్కటెముకలు కూడా ఒకే మాదిరి ఉండాయి. అమ్మ కడుపులో తయారైనవి గదా.

"ఈ రెండోది ఎవరిది?"

"మా తమ్మునిది. రెండేళ్ళ కింద పాయ. టీబీ అన్యారు."

డాక్టరమ్మ మళ్ళీ దాన్నే చూసింది. "దుమ్ము చేరినోళ్ళకు టీబీ కూడా తొందరగా వస్తాది, అందుకే ఒకటి చూసి ఇంకొకటి అనుకుంటారు. ఈయనకు టీబీ ఉన్నట్టు కాగితాల్లో యాడా లేదు. దీన్ని సిలికోసిస్ అంటారు. మీది ఈయనంత ముదరలేదు. లోపలికి పోయింది బయటికి రాదు. మందు లేదు. ఇంకా పోకుండా చూసుకోవాల. రేపటి నుంచే."

సలోమి "రేపటి నుంచే" అని మళ్ళీ అనింది, పాఠం అప్పజెప్పినట్టు.

బయట మెట్ల మీద కూర్చున్యాము. జెస్సికా నా చెయ్యి పట్టుకొనింది. చిన్నప్పుడు పట్టుకున్యట్టు కాదు, నేను చిన్నోన్ని అయినట్టు. యోబు ఫిల్ము నా ఒళ్ళో ఉండాది. వాని ఊపిరి మొదటిసారి చూసినా. బతికున్నప్పుడు ఆ కవరు నేనే చాలాసార్లు మోసినా. ఒక్కసారి కూడా తెరిచి చూడలే.

జనవరి 2, గురువారం

మళ్ళీ మెయిలు రాయించినా. "మొన్న రాసింది అబద్ధం. మాస్కులు ఇయ్యరు. నీళ్ళు పెట్టరు. నా తమ్ముడు పోయినాడు. నాకూ ఉండాది. చెక్కే మనిషిని, పేరు రూబెన్." జెస్సికా అన్నీ అట్లనే రాసింది. ఒక్క మాట మార్చలే.

పోయి వెంకటేశ్వర్లన్నకు నేనే చెప్పినా. గ్లాసులో టీ అట్లే చల్లారిపాయ. "నా నోట్లో మన్ను కొట్టినావు" అన్నాడు. యోబు ఫిల్మూ నా ఫిల్మూ బల్ల మీద పెట్టినా. చూడలే. రోడ్డు మీదికి వచ్చినాక వెనక్కి తిరిగి కిటికీలోంచి చూసినా. వెలుతురుకు పట్టుకొని చూస్తాండాడు.

లాల్ సాహెబన్నను చూపించుకోమన్యా. "చూస్తే ఏమొస్తాదప్పా" అన్నాడు. సలోమి పోయి ఆయన పెండ్లాంతో చెప్పింది. రేపు పోతారంట.

జనవరి 5, ఆదివారం

ప్రకటనలు అయినాక పాస్టరయ్యను అడిగి లేచి నిలబడినా. అనుకున్యవన్నీ మరిచిపోయినా.

"నా తమ్ముడు యోబు టీబీతో పోలే. రాతి దుమ్ముతో పోయినాడు. ఆ దుమ్ములోకి పిలుచుకొని వచ్చింది నేను. దీవెన వల్ల కాదు. ఆ పిల్ల మనకు ముందే చెప్పింది. ఆ పిల్ల తాగినాక గిన్నె ముట్టకుండా మనం లేచిపోతిమి. నేనూ లేచినా."

అంతే. కూర్చున్యా. ముందర వరుసలో అమ్మ వీపు కనపడతాంది, కదలలే. ఈ మధ్య చెవులు మందం, వినిందో లేదో అనుకున్యా.

వినింది. ఇంటికొచ్చినాక చేతిసంచి మంచం మీద పడేసి నన్నడిగింది. "అయితే నేను అన్యది తప్పంటావా?"

"తప్పే అమ్మా."

"మరి ఆ పొద్దు నా నోరెందుకు మూయలే? పెద్దకొడుకువి గదా."

అన్నం తినలే. నేనూ తినలే.

జనవరి 11, శనివారం

లాల్ సాహెబన్న ఫిల్ము నాదానికన్నా తెల్లగా ఉండాదంట. ఆక్సిజను పెట్టినారు. ఆయన కొడుకు వచ్చి కర్నూలుకు పిలుచుకొని పాయ. పోయేముందు నాతో ఫోన్లో, "రూబేనూ, ఇన్నాళ్ళూ వయసనుకున్యా" అన్నాడు.

జనవరి 16

షెడ్డులో పైపు వేస్తాండారు. మిషన్ల దగ్గర నీళ్ళు. నార్వే వాళ్ళు రాయి వద్దనలే. నీళ్ళు పెట్టినట్టు ఫొటో పంపితేనే తీసుకుంటామని రాసినారంట. మిగతా పన్నెండు రాళ్ళ సంగతి తర్వాత అన్నారంట. వెంకటేశ్వర్లన్న నాతో మాట్లాడడు. మేస్త్రితో చెప్పి పంపినాడు: షెడ్డు బయట గదిలో కూర్చొని అక్షరాలు గీసియ్యి, చెక్కేది వేరేవాళ్ళు చెక్కుతారు, తప్పులు నువ్వు చూడు. కూలి తక్కువ. సరే అన్యా.

ఆఖరి మూడు పేర్లు నేను చెక్కలే. గీసిచ్చి, పక్కన నిలబడి తడి రాయి మీద చెక్కించినా. సిగ్రున్ వాళ్ళ తాత పేరు దగ్గర చెక్కేవాడు రెండుసార్లు ఊదబోయినాడు. రెండుసార్లూ వాని భుజం పట్టుకున్యా.

జనవరి 21

అమ్మ పదిహేను రోజులుగా సరిగ్గా తినలే. ఈ పొద్దు పొద్దున, "దాన్ని పిలుచుకొని రా" అనింది. దీవెనకు ఫోన్ చేసి చెప్పినా.

"నేను రాను బావా. ఆమెనే రమ్మను."

అమ్మతో ఆ మాట చెప్పేదానికి భయపడినా. చెప్పినా. అమ్మ మోకాళ్ళు రుద్దుకుంటా కూర్చొనింది.

"బస్సు ఎన్ని గంటలకు?" అనింది.

జనవరి 25, శనివారం

నంద్యాలలో బస్సు మారి వెలుగోడు చేరేసరికి పదకొండు. బస్సు మెట్లు దిగేదానికి అమ్మను నేనూ కండక్టరూ పట్టుకున్యాము. డ్యాము గేటు దాకా నడిచేదానికి చాలాసేపు పట్టింది. ఆటో ఎక్కమంటే వద్దనింది.

దీవెన తట్ట ముందర కూర్చొని ఉండాది. చూసింది. లేవలే.

అమ్మ ఆ ఎండలో నిలబడింది. "నేను" అనింది.

"కనపడతాండావు అత్తా."

ఒకాయప్ప బైకు ఆపి చేప బేరమాడినాడు. దీవెన తూచి, కోసి, కడిగి ఇచ్చింది. అంతసేపూ అమ్మ పక్కన నిలబడే ఉండాది. ఆయప్ప పోయినాక అనింది, చిన్నగా. "నేను నిన్ను అనరాని మాట అన్యా. నీది తప్పు లేదు."

దీవెన కత్తిపీట మీది చేతులు చూసుకుంటా ఉండె.

"ఇంకొకసారి చెప్పు అత్తా. వీళ్ళకు వినపడలే."

పక్కనున్న ఆడోళ్ళంతా తలకాయలెత్తిరి. అమ్మ నా తట్టు చూసింది. నేను ముందుకు అడుగేయబోయినా. అమ్మ చేత్తో వద్దనింది. వాళ్ళ తట్టు తిరిగి, కొంగు సరిచేసుకొని, గుడిలో వాక్యం చదివేటప్పటి గొంతుతో అనింది.

"ఈ పిల్ల నా చిన్న కోడలు. నా కొడుకు ఈ పిల్ల వల్ల పోయినాడని నేను పదిమందిలో అన్యా. అది అబద్ధం. నా కొడుకు రాతి దుమ్ముతో పోయినాడు. ఈ పిల్ల వాన్ని కడదాకా చూసుకొనింది."

ఒక ముసలామె, "అట్లనా" అనింది. దీవెన లేచింది. చేతులు కడుక్కొనింది, రెండుసార్లు, సబ్బుతో. తన కింద ఉన్న పీట తీసి నీడలో వేసి, "ఎండలో నిలబడొద్దు, కూర్చో" అనింది. అమ్మ కూర్చొని తల వంచుకొనింది. అప్పుడు దీవెన అటు తిరిగి నిలబడి ఏడ్చింది. యోబును పూడ్చినప్పుడు కూడా అట్ల ఏడవలే. మేము దగ్గరికి పోలే.

మధ్యాన్నం వాళ్ళింట్లో అన్నం పెట్టింది. మాతో ఇంటికి రమ్మని అడిగినా.

"రాను బావా. నాకు ఈడ బాగుంది. నీ కాగితాలు ఆరు నెలలకొకసారి చూపించుకో. నేను ఫోన్ చేసి అడుగుతా."

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చొనింది. ఆత్మకూరు రోడ్డు దిగేదాకా బయటికే చూసింది. ఆమీద నా చెయ్యి పట్టుకొని, వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు తడిమింది.

"రూబేనూ, నువ్వన్నా ఉంటావా?"

"ఉంటానమ్మా."

ఎన్నేళ్ళు అని అమ్మ అడగలే. డాక్టరమ్మను నేనూ అడగలే.